పి0733 కోడ్ వచ్చిందని గేర్‌బాక్స్ దించకండి, ముందు కరెంటు లెక్క తేల్చండి

ముందు మీ ప్రశ్న సారాంశం చెప్తాను, మిగతావాళ్లకీ అర్థమవ్వాలి కదా. మీరు గుంటూరులో ఉంటారు. విజయవాడలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్రోల్ సెడాన్, 6-స్పీడ్ టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. పొద్దున బయల్దేరినప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. హైవే మీద వచ్చి, వారధి దాటి బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో పడేసరికి మీటర్లో 'డి' మినుకు మినుకుమంటుంది, బండి ఒకే గేరులో ఉండిపోతుంది, ఎన్ నుంచి డి కి వేస్తే దబ్బుమని కొడుతుంది. ఆపి పది నిమిషాలాగి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడుస్తుంది. స్కానర్‌లో మూడు కోడ్లు: పి0700, పి0717, పి0733. గ్యారేజీలో "మూడో గేరు క్లచ్ ప్లేట్లు కాలిపోయాయి, బాక్స్ దించి ఓవరాలింగ్ చెయ్యాలి, లక్షా ఇరవై వేలు" అన్నారు.

ఇప్పుడే దించనివ్వకండి. ప్లేట్లు భేషుగ్గా ఉన్నాయని నేను ఇక్కణ్నుంచి పూచీ పడట్లేదు. కానీ మీరు రాసిన దాంట్లో ప్లేట్లు పోయాయనడానికి గట్టి ఆధారం ఒక్కటీ లేదు. సెన్సార్ లేదా వైరింగ్ అనడానికి మాత్రం రెండున్నాయి: పి0717 కోడ్, ఆపి కాసేపాగి స్టార్ట్ చేస్తే తేరుకోవడం.

కోడ్లు చదివే పద్ధతి

పి0700 కి సొంత అర్థమేమీ లేదు. "నా దగ్గర కోడ్ ఉంది, నన్ను అడుగు" అని గేర్‌బాక్స్ కంప్యూటర్, అంటే టీసీఎం, ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పిందన్నమాట. చవక బ్లూటూత్ అడాప్టర్లు చాలావరకు ఇంజిన్ దగ్గరే ఆగిపోతాయి, పి0700 చూపించి ఊరుకుంటాయి. టీసీఎం లోపలికి వెళ్లి చదివే స్కానర్ కావాలి.

పి0717 అంటే ఇన్‌పుట్ స్పీడ్ సెన్సార్, కొందరు టర్బైన్ సెన్సార్ అంటారు, ఇంజిన్ వైపు నుంచి గేర్‌బాక్స్‌లోకి వచ్చే షాఫ్ట్ (టర్బైన్) వేగం కొలిచేది, దాన్నుంచి సిగ్నల్ రాలేదని. పి0733 అంటే మూడో గేరులో నిష్పత్తి తప్పిందని. ఈ రెండోదాన్నే గ్యారేజీవాళ్లు "ప్లేట్లు జారుతున్నాయి" అని చదివారు. మరి టీసీఎం ఆ నిష్పత్తిని ఎలా కడుతుంది? ఇన్‌పుట్ సెన్సార్ చెప్పిన వేగాన్ని, చక్రాల వైపు వెళ్లే షాఫ్ట్ మీదుండే అవుట్‌పుట్ సెన్సార్ చెప్పిన వేగంతో భాగిస్తుంది, అంతే. లోపలికి తొంగి చూసే కన్ను దానికి వేరే ఏదీ లేదు. ఇన్‌పుట్ సెన్సార్ ఒక్క క్షణం మూగబోతే లెక్క తప్పుతుంది, పి0733 పడుతుంది. అంటే మీ బండిలో పి0733 అనేది పి0717 కి పుట్టిన పిల్ల కావచ్చు. సెన్సార్ కోడూ నిష్పత్తి కోడూ కలిసి వస్తే సెన్సార్ సంగతి తేలేదాకా నిష్పత్తి కోడ్‌ని పక్కన పెట్టాలి.

సోలినాయిడ్ (కరెంటుతో గేర్‌బాక్స్‌లో ఆయిల్ దారిని తెరిచి మూసే వాల్వ్) కోడ్లలోనూ ఇదే తేడా ఉంది, చాలామంది గమనించరు. పి0753, పి0758, పి0743, పి0748 లాంటివి కరెంటు సర్క్యూట్‌కి సంబంధించినవి: తీగ తెగింది, షార్ట్ అయింది, కాయిల్ పోయింది. పి0751, పి0741 లాంటివి మాత్రం కరెంటు సరిగ్గానే వెళ్లింది కానీ పని జరగలేదని చెప్తాయి. అక్కడ వాల్వ్ ఇరుక్కోవడం, ఆయిల్ ప్రెషర్, క్లచ్ వరకు వెళ్లాలి. మొదటి రకానికి బాక్స్ దించడం దండగ. రెండో రకానికి వైర్లు మారుస్తూ కూర్చోవడం దండగ.

కోడ్లు చెరిపేముందు ప్రతి కోడ్ కిందా ఉండే ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో తీసుకోండి. కోడ్ పడ్డ క్షణంలో వేగం, ఇంజిన్ ఆర్‌పీఎం, గేర్ ఆయిల్ వేడి, బ్యాటరీ వోల్టేజి అందులో ఉంటాయి. బ్యాటరీ వోల్టేజి అక్కడ 11 చిల్లర కనిపిస్తే దర్యాప్తు దారే మారిపోతుంది. మీ గ్యారేజీవాళ్లు ఈపాటికే చెరిపేసి ఉంటే మళ్లీ వచ్చేదాకా ఆగడమే.

ఇక ఆ దబ్బుమని కొట్టడం. లోపం పట్టుకోగానే టీసీఎం సోలినాయిడ్లకు కరెంటు ఆపేస్తుంది. కరెంటు లేనప్పుడు వాల్వ్ బాడీలో, అంటే ఆయిల్‌ని క్లచ్‌లకు పంచే భాగంలో, స్ప్రింగులు, ఆయిల్ కలిసి ఏ గేరు నిలబెట్టగలవో ఆ గేరులో బండి ఉండిపోతుంది. రివర్స్ కూడా పనిచేస్తుంది. లైన్ ప్రెషర్ సోలినాయిడ్‌కి కరెంటు లేకపోతే చాలా బాక్సుల్లో ప్రెషర్ గరిష్ఠానికి పోతుంది, అందుకే డి వేయగానే దెబ్బ. అది ప్లేట్లు జారకుండా కాపాడటానికి కంపెనీ కావాలని పెట్టిన ఏర్పాటు. ఆ స్థితిలో మెల్లగా ఇంటికి నడుపుకు రావచ్చు. తాడు కట్టి లాగించొద్దు. ఇంజిన్ తిరగకపోతే ఆయిల్ పంపూ తిరగదు, లోపల అంతా పొడిగా తిరుగుతుంది. లాగించాల్సి వస్తే బండి మొత్తం పైకెక్కించే ఫ్లాట్‌బెడ్డే.

జారుడా, సిగ్నల్ పోవడమా

లక్షా ఇరవై వేల ప్రశ్న ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. స్కానర్‌లో నాలుగు అంకెలు ఒకే గ్రాఫ్ మీద పెట్టి రికార్డ్ చెయ్యాలి: ఇంజిన్ ఆర్‌పీఎం, టర్బైన్ ఆర్‌పీఎం, అవుట్‌పుట్ ఆర్‌పీఎం, టీసీఎం ఆదేశించిన గేరు.

మీ బాక్స్‌లో మూడో గేరు నిష్పత్తి 1.8 అనుకుందాం (అసలు అంకె మాన్యువల్‌లో చూసుకోండి). అవుట్‌పుట్ 1000 తిరుగుతుంటే టర్బైన్ 1800 చూపించాలి. క్లచ్ నిజంగా జారితే ఇంజినూ టర్బైనూ కలిసి పైకి లేస్తాయి: ఇంజిన్ 2400, టర్బైన్ 2300, అవుట్‌పుట్ మాత్రం 1000 దగ్గరే. డ్రైవర్‌కి ఇంజిన్ గోల చేస్తుంది, బండి మాత్రం ముందుకు దూకదు. గ్రాఫ్‌లో అది ఒక వంపులా ఎక్కుతుంది.

సిగ్నల్ పోతే బొమ్మ వేరు. ఇంజిన్ 1900 దగ్గర నిలకడగా ఉంటుంది, అవుట్‌పుట్ 1000 దగ్గర కదలదు, టర్బైన్ ఒక్కటే 1800 నుంచి 0 కి పడి మళ్లీ 1800 కి లేస్తుంది, నిట్టనిలువుగా గీత గీసినట్టు. వందల ఆర్‌పీఎంతో తిరుగుతున్న షాఫ్ట్ రెప్పపాటులో ఆగి మళ్లీ తిరగడం జరిగే పని కాదు. ఆ గీత కనిపించిందంటే ప్లేట్ల మాట ఇక ఎత్తక్కర్లేదు.

దీనికి తోడు స్కానర్ లేకుండా చేయగల పరీక్ష ఒకటుంది. 6-స్పీడ్ బాక్సుల్లో చాలావాటికి మూడో గేరు పట్టే క్లచ్చే ఐదో గేరుకీ, రివర్స్‌కీ కూడా పట్టాలి. మూడో గేరు ప్లేట్లు నిజంగా కాలి ఉంటే బండి వేడెక్కాక రివర్స్‌లో కూడా జారాలి. బాగా వేడెక్కాక, లింప్ మోడ్‌లో (పైన చెప్పిన, ఒకే గేరులో ఉండిపోయే స్థితి) లేనప్పుడు, ఏదైనా ర్యాంపు మీదికి రివర్స్‌లో ఎక్కించి చూడండి. తడబడకుండా ఎక్కితే గ్యారేజీవాళ్ల నిర్ధారణ మీద అనుమానపడాల్సిందే. మీ బాక్స్‌కి ఏ గేరుకి ఏ క్లచ్ అన్న పట్టిక సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, అది చూసి ఖరారు చేసుకోండి.

ఇంకో చిన్న విషయం. మీరు పది నిమిషాలు ఆగి స్టార్ట్ చేస్తున్నారు. చల్లబడ్డందుకు బాగైందా, తాళం తిప్పినందుకు బాగైందా అన్నది అందులో తేలదు. ఈసారి పక్కకి ఆపి, ఆఫ్ చేసి, అర నిమిషంలోనే మళ్లీ స్టార్ట్ చెయ్యండి. వెంటనే తేరుకుని మరికొన్ని కిలోమీటర్లు నడిస్తే ఎక్కడో కాంటాక్ట్ వదులు. స్టార్ట్ చేసిన వెంటనే మళ్లీ మొరాయించి, చల్లబడ్డాకే బాగైతే వేడికి తెగే భాగం, అంటే సెన్సార్ లోపలి సర్క్యూట్ మీదికి అనుమానం పోతుంది.

బ్యాటరీ, ఎర్త్

చూడ్డానికి చిన్న విషయాలే, చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టులకు అటూ ఇటూ ఉండాలి, సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కన్నా కిందికి పడకూడదు, ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య. తర్వాత మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి అదే బ్యాటరీ మీద చూడండి. ఏసీ 0.5 వోల్టు దాటితే డైనమోలో డయోడ్ పోయినట్టే లెక్క. ఆ అలలు స్పీడ్ సెన్సార్ సిగ్నల్‌లో కలిసి టీసీఎంకి పిచ్చి అంకెలు చూపిస్తాయి.

ఎర్త్‌ని ఓమ్స్‌లో కొలవొద్దు. ముప్పై పోగుల తీగలో ఒక్క పోగు మిగిలినా మీటర్ బీప్ కొడుతుంది, 0 చూపిస్తుంది. ఆ ఒక్క పోగు బరువు మోయలేదు. బరువు పెట్టి వోల్టేజి నష్టం కొలవాలి. ఇంజిన్ నడుస్తుండగా ఏసీ ఫుల్, బ్లోయర్ ఫుల్, హెడ్‌లైట్ హై బీమ్ వేయండి. మీటర్ డీసీ వోల్టుల్లో పెట్టి నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ సీసపు పోస్టు మీద పెట్టండి, క్లాంపు మీద కాదు. ఎర్ర ప్రోబ్ గేర్‌బాక్స్ అల్యూమినియం ఒంటి మీద శుభ్రమైన చోట. 0.1 వోల్టు లోపు ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 0.3 దాటితే ఇంజిన్ నుంచి బాడీకి, బ్యాటరీకి వెళ్లే ఎర్త్ పట్టీలు విప్పి, బోల్టు కింద మెరిసే లోహం కనపడేదాకా గీకి బిగించాలి. టింకరింగ్, పెయింటింగ్ అయిన బండిలో ఎర్త్ లగ్గు కింద పెయింట్ ఉండిపోవడం మామూలే.

టీసీఎంకి వచ్చే కరెంటుని కూడా బరువు పెట్టే చూడాలి. ఇగ్నిషన్ ఆఫ్ చేసి టీసీఎం కప్లర్ (తీగలు కలిపే ప్లగ్గు) తీయండి. వైరింగ్ డయాగ్రామ్ చూసి పవర్ పిన్ను, ఎర్త్ పిన్ను మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు కలపండి, ఇగ్నిషన్ వేయండి. దాదాపు 1.75 యాంపులు లాగుతుంది. బల్బు బ్యాటరీ మీద పెట్టినంత తెల్లగా వెలగాలి. మసకగా, ఎర్రగా వెలిగితే ఫ్యూజ్ బాక్స్ నుంచి ఇక్కడిదాకా ఎక్కడో కరెంటు తినేస్తోంది. బల్బుని పవర్, ఎర్త్ పిన్నుల మధ్య తప్ప సిగ్నల్ పిన్నుల మీద పెట్టకూడదు.

డ్యాష్‌క్యామ్, యాంప్లిఫయర్, ప్రెషర్ హారన్ లాంటివి తర్వాత పెట్టించి ఉంటే వాటికి కరెంటు ఎక్కణ్నుంచి లాగారో చూడండి. సీటు కవర్ల షాపులో చేతికందిన తీగని గీసి జంపర్ కలిపేస్తుంటారు; అది గేర్‌బాక్స్ ఫ్యూజ్ తీగైతే ఇబ్బంది మొదలు.

కప్లర్లు, నీళ్లు, ఎలుకలు

విజయవాడలో కొన్న సెకండ్ హ్యాండ్ బండి అన్నారు కాబట్టి అడుగుతున్నాను: 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు ఈ బండి సింగ్ నగర్ వైపేమైనా ఉందా? అప్పుడు మునిగిన బండ్లలో కొన్ని శుభ్రం చేసి అమ్మినవి తిరుగుతూనే ఉంటాయి. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చివర మట్టి మరక ఉందేమో చూడండి. సీటు పట్టాల కింద బోల్టుల తుప్పు, కార్పెట్ కింద ఎండిన ఒండ్రు, గడప పట్టీ కింద కప్లర్లలో పచ్చటి చిలుము కూడా వెతకండి. కొన్ని బండ్లలో టీసీఎం బ్యాటరీ పక్కన, కొన్నిట్లో గ్లవ్ బాక్స్ వెనక, కొన్నిట్లో గేర్‌బాక్స్ మీదే ఉంటుంది. మీ దాంట్లో ఎక్కడుందో ముందు తెలుసుకోండి.

నీళ్లలో మునగకపోయినా వాటర్ సర్వీసింగ్‌లో ఇంజిన్ మీద ప్రెషర్ గన్ కొట్టిస్తే చాలు, కప్లర్లలోకి నీళ్లు చేరతాయి. గేర్‌బాక్స్ మీద ఉండే పెద్ద కప్లర్, స్పీడ్ సెన్సార్ కప్లర్, గేరు లీవర్ కేబుల్ తగిలే చోట ఉండి లీవర్ ఎక్కడుందో టీసీఎంకి చెప్పే ఇన్‌హిబిటర్ స్విచ్: ఈ మూడూ ముఖ్యం.

కప్లర్ విప్పి వెలుతురులో పెట్టి పిన్నులు ఒక్కొక్కటీ చూడండి. మంచి పిన్ను వెండిలా గానీ బంగారు పూతతో గానీ మెరుస్తుంది. పచ్చగా ఉంటే చిలుము. గోధుమ రంగులోకి తిరిగి, చుట్టూ ప్లాస్టిక్ కమిలి ఉంటే వదులు కాంటాక్ట్ వల్ల వేడెక్కిందని. ఎర్రటి ఆయిల్ తడి ఉంటే లోపలి సీలు లీకై గేర్ ఆయిల్ తీగల పోగుల మధ్య నుంచి పైకి పాకుతోందని. ఇది కొన్ని గేర్‌బాక్సులకు పేరు మోసిన జబ్బు, మెర్సిడెస్ 722.6 బాక్స్‌లో 13 పిన్నుల కప్లర్ నుంచి ఆయిల్ వైరింగ్ వెంట పాకి టీసీఎం దాకా చేరుతుంది. మీ బండి వేరే కావచ్చు, ఆయిల్ పాకే గుణం ఒకటే.

ఆడ పిన్ను పట్టు చూడ్డానికి మల్టీమీటర్ ప్రోబ్ లోపలికి గుచ్చేస్తారు చాలామంది. ఆ లావు ప్రోబ్ దూరగానే పిన్ను నోరు వెడల్పవుతుంది, లేని లోపం కొత్తగా పుడుతుంది. అదే సైజు మగ పిన్ను పాత కప్లర్ నుంచి ఒకటి తెచ్చుకుని దూర్చి లాగాలి. కాస్త బిగువుగా రావాలి. ఆటోనగర్‌లో స్క్రాప్ వైరింగ్ అమ్మే షాపుల్లో ఇలాంటి పిన్నులు దొరుకుతాయి. శుభ్రం చేయడానికి కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే వాడండి. గరుకు కాగితంతో రుద్దితే పూత పోయి నెల తిరక్కుండా మళ్లీ చిలుము పడుతుంది.

తీగ మీద ఎలుక పళ్ల గాట్లున్నాయేమో బ్యాటరీ ట్రే కింద, గేర్‌బాక్స్ పైన వేలితో తడిమి చూడండి. వానాకాలంలో వెచ్చగా ఉంటుందని ఇంజిన్ మీదకు చేరతాయి. తొక్క కోసి చూసినప్పుడు రాగి నల్లగా కనిపిస్తే నీరు లోపల పాకిందన్నమాట. ఎర్రగా మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కత్తిరించాకే అతుకు వేయాలి. మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు. మన ఎండలకు టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. టంకం వేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు తొడగాలి. రెండు తీగలు అతుకుతుంటే రెండు అతుకులూ ఒకే చోట రాకూడదు. సెన్సార్ తీగలు మెలితిరిగి ఉంటే ఆ మెలికలు అలాగే ఉంచాలి, బయటి కరెంటు గోలని అవే ఆపుతాయి.

స్పీడ్ సెన్సార్ పరీక్ష

మీ కేసులో అసలు ఘట్టం ఇదే. బండి కదలకుండానే మొదలుపెట్టండి. ఇంజిన్ ఐడిల్‌లో, పి లో ఉన్నప్పుడు టర్బైన్ ఆర్‌పీఎం ఇంజిన్ ఆర్‌పీఎంకి దగ్గరగా ఉండాలి. ఇంజిన్ 750 అయితే టర్బైన్ 700 ఆ చుట్టుపక్కల. బ్రేకు గట్టిగా తొక్కి డి వేయండి. టర్బైన్ 0 కి పడాలి, గేరు పట్టి చక్రాలు ఆగి ఉన్నాయి కాబట్టి. ఈ 0 చూసి సెన్సార్ పోయిందని మార్చేసేవాళ్లున్నారు. డి లో ఆగి ఉన్నప్పుడు 0 రావడమే సరైనది. కొన్ని బండ్లు ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పెట్రోల్ ఆదా కోసం క్లచ్‌ని కొంచెం వదులుతాయి, వాటిలో టర్బైన్ కాస్త తిరుగుతుంది. పి లో 0 ఉంటే మాత్రం లోపమే.

తర్వాత సెన్సార్ ఏ రకమో తెలుసుకోండి. పాత రకం రెండు తీగల అయస్కాంత కాయిల్ సెన్సార్ అయితే ఓమ్స్‌లో కొలవచ్చు, వందల ఓమ్స్‌లో ఉంటుంది. షాఫ్ట్ తిరిగేటప్పుడు ఏసీ వోల్టులు పుట్టిస్తుంది. హాల్ రకం (లోపల చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉండేది) అయితే ఓమ్స్ మీటర్ పెట్టకండి, ఆ రీడింగ్‌కి అర్థం ఉండదు, సెన్సార్ కూడా దెబ్బతినొచ్చు. రెండు తీగల హాల్ సెన్సార్లు సాధారణంగా 7, 14 మిల్లీయాంపుల మధ్య కరెంటు మారుస్తూ సిగ్నల్ ఇస్తాయి. తీగల సంఖ్య ఒక్కటే చూసి రకం నిర్ణయించకండి, డయాగ్రామ్ చూడండి. కప్లర్ తీసి ఇగ్నిషన్ వేసి సెన్సార్‌కి వచ్చే సప్లై కొలవండి. బండిని బట్టి బ్యాటరీ వోల్టేజి గానీ, 8 గానీ, 5 గానీ ఉంటుంది. సప్లై అసలే లేకపోతే సెన్సార్ కొనడం దండగ, వెనకనున్న తీగ చూడండి.

ఇన్‌పుట్, అవుట్‌పుట్ సెన్సార్లు రెండూ ఒకే సప్లై పంచుకుంటే, రెండూ ఒకేసారి చచ్చినప్పుడు తప్పు సప్లైది. మీకు పి0722, అంటే అవుట్‌పుట్ సిగ్నల్ లేదన్న కోడ్ రాలేదు. కాబట్టి తప్పు ఇన్‌పుట్ సెన్సార్‌లో గానీ, దాని సొంత తీగల్లో గానీ ఉండాలి. రెండు సెన్సార్ల పార్ట్ నంబర్ ఒకటే అయితే అటూ ఇటూ మార్చి నడపండి. కోడ్ పి0722 గా మారితే సెన్సారే దోషి. పి0717 గానే వస్తే తీగ, కప్లర్, లేదా టీసీఎం.

మీది వేడెక్కాక వచ్చే లోపం కాబట్టి వేడి పెట్టి పట్టుకోవచ్చు. ఇంజిన్ ఐడిల్‌లో, పి లో, స్కానర్‌లో టర్బైన్ అంకె ఒకరు చూస్తుండగా ఇంకొకరు సెన్సార్ ఒంటికి హెయిర్ డ్రయ్యర్ గాలి పట్టించాలి. 700 అలా ఉంటూ ఉన్నట్టుండి 0 అయ్యి, తడిగుడ్డ తాకించగానే మళ్లీ 700 వస్తే ఇంక వెతకాల్సింది లేదు. వేడికి లొంగకపోతే తీగల కట్టని గేర్‌బాక్స్ నుంచి టీసీఎం దాకా అంగుళం అంగుళం కదిలిస్తూ అంకె చూడండి. వంపు తిరిగే చోట్లు, బ్రాకెట్ రాసుకునే చోట్లు ముఖ్యం. ఫ్యాను, బెల్టు దగ్గర చేతులు జాగ్రత్త. కొన్ని బాక్సుల్లో ఈ సెన్సార్ బయటికి కనపడదు, గేర్‌బాక్స్ అడుగునుండే ఆయిల్ చట్టి లోపల వాల్వ్ బాడీ మీద ఉంటుంది; అప్పుడు చట్టి దించితే చాలు, బాక్స్ దించక్కర్లేదు.

సోలినాయిడ్లు, మిగతావి

మీకు సోలినాయిడ్ కోడ్ లేదు, అయినా కప్లర్ ఎలాగూ విప్పుతారు కాబట్టి కొలిచి రాసుకోండి. ఆన్-ఆఫ్ రకం సోలినాయిడ్లు చాలావరకు 10 నుంచి 30 ఓమ్స్ మధ్య, ప్రెషర్ నియంత్రించే లీనియర్ రకం 5 ఓమ్స్ చుట్టుపక్కల ఉంటాయి. ముందు మీటర్ ప్రోబులు రెండూ కలిపి వచ్చే 0.2, 0.3 తీసేయండి, 5 ఓమ్స్‌లో అది చిన్న తేడా కాదు. ఆయిల్ వేడిని కూడా లెక్కలోకి తీసుకోండి. రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల్లో 5.1 ఉన్న కాయిల్ 95 డిగ్రీల్లో 6.6 చూపిస్తుంది, అది లోపం కాదు. మే నెల మధ్యాహ్నం ఆరుబయట నిలబెట్టిన బండిలో చల్లటి రీడింగ్ అంటూ ఉండదు, పొద్దున్నే కొలవండి. ఒకే రకం సోలినాయిడ్లన్నీ ఇంచుమించు ఒకే అంకె చూపించి, ఒక్కటి మాత్రం వేరుగా ఉంటే అదే అనుమానితుడు. లీనియర్ సోలినాయిడ్‌కి నేరుగా 12 వోల్టులు పెట్టి టక్ మంటుందా అని చూడొద్దు, 2 యాంపులు దాటి కరెంటు వెళ్లి కాయిల్ కాలుతుంది.

గేర్ ఆయిల్ వేడి సెన్సార్‌ని పొద్దున బండి తీయకముందు చూడండి. ఆయిల్ వేడి, కూలెంట్ వేడి, బయటి వేడి దాదాపు సమానంగా ఉండాలి. మైనస్ 40 చూపిస్తే తీగ తెగినట్టు.

ఇన్‌హిబిటర్ స్విచ్ పోతే కనిపించే లక్షణాలు: పి లో సెల్ఫ్ తిరక్కుండా ఎన్ లో తిరగడం, రివర్స్ లైటు వెలగకపోవడం, మీటర్లో గేరు అక్షరం మాయమవడం, పి0705 నుంచి పి0708 దాకా కోడ్లు. మీకివేవీ లేవు, వదిలేయండి. పి నుంచి లీవరే రాకపోవడం వేరే జబ్బు, ముందు బ్రేకు లైటు వెలుగుతుందో లేదో చూసుకుంటే సగం తేలుతుంది.

టీసీఎంతో మాట తెగిందని చెప్పే యు0101 లాంటి కోడ్ వస్తేనే క్యాన్ తీగలు, అంటే కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే తీగలు, చూడాలి. బ్యాటరీ తీసి ఓబీడీ సాకెట్‌లో (స్కానర్ తగిలించే చోట) 6, 14 పిన్నుల మధ్య 60 ఓమ్స్ ఉండాలి. 120 ఉంటే ఒక చివరి రెసిస్టర్ లైన్లో లేదు. 0 కి దగ్గరగా ఉంటే రెండు తీగలూ కలిసిపోయాయి.

టీసీఎం మీద అనుమానం అన్నిటికన్నా చివర రావాలి. సెన్సార్ దగ్గర సిగ్నల్ బాగుండి, టీసీఎం కప్లర్ వెనకనుంచి సన్నటి పిన్నుతో చూసినా అదే సిగ్నల్ వస్తూ, పవర్, ఎర్త్ బల్బు పరీక్షలో పాసై, అయినా స్కానర్‌లో 0 ఉంటేనే టీసీఎం. పాత బండిది తెచ్చి పెడితే చాలా బండ్లలో ప్రోగ్రామింగ్ చేస్తే తప్ప పనిచేయదు, కొనేముందే ఆ సంగతి అడగండి.

ఎవరైనా బాక్స్ విప్పుతామంటే అంతకుముందు ఆయిల్ చూడమనండి. లెవెల్ ఎలా చూడాలో మీ మోడల్‌ని బట్టి మారుతుంది: డిప్‌స్టిక్ ఉన్నవాటిలో చాలావరకు ఇంజిన్ నడుస్తుండగా వేడి ఆయిల్‌తో, డిప్‌స్టిక్ లేనివాటిలో నిర్ణీత వేడి దగ్గర కింది ప్లగ్గు విప్పి. ఆయిల్ నల్లబడి మాడు కంపు కొడితే, చట్టి అయస్కాంతం మీద మెత్తటి బూడిద పొడి కాకుండా లోహపు ముక్కలు కనిపిస్తే, అప్పుడు ప్లేట్ల మాట వినండి. ఆయిల్ ఎర్రగా, వాసన మామూలుగా ఉండి, పైన చెప్పిన గ్రాఫ్‌లో టర్బైన్ నిలువుగా పడుతుంటే సెన్సార్, దాని కప్లర్, తీగ వరకే ఖర్చు పెట్టండి.

సెన్సార్ గానీ తీగ గానీ బాగుచేశాక కోడ్లు చెరిపి, స్కానర్‌తో గేర్‌బాక్స్ అడాప్టేషన్ (గేర్లు మార్చడంలో టీసీఎం నేర్చుకున్న సర్దుబాట్లు) రీసెట్ చేయించాలా అన్నది మీ మోడల్ మాన్యువల్‌లో చూడండి. చాలా బండ్లలో బ్యాటరీ తీగ తీసినంత మాత్రాన ఆ సర్దుబాట్లు చెరిగిపోవు. రీసెట్ చేస్తే ఆయిల్ వేడెక్కాక నిదానంగా, సగం కన్నా తక్కువ యాక్సిలరేటర్‌తో అన్ని గేర్లూ ఎక్కి దిగేలా నడపాలి. మొదట్లో గేర్లు కాస్త గరుకుగా పడితే కంగారుపడొద్దు. ఆ తర్వాత స్కానర్ తగిలించుకునే గుంటూరు నుంచి బెంజ్ సర్కిల్ దాకా ఏసీ వేసుకుని రండి, ముందు మొరాయించినంత వేడి మళ్లీ ఎక్కాలి. ఆ రికార్డింగ్‌లో టర్బైన్ గీత తెగకుండా వస్తే పని అయిపోయినట్టే. తెగితే ఆ క్షణంలోని నాలుగు అంకెలూ, ఆయిల్ వేడీ, బ్యాటరీ వోల్టేజీ ఇక్కడ రాయండి, అక్కణ్నుంచి చూద్దాం.